ఇస్త్రీ అంగి

"పెండ్లికొడుకు లెక్క తయారు చేసి తీస్కపోతే, తబియత్ బాగలేదంటే డాక్టరు ఎట్ల నమ్ముతడు అత్తమ్మా?"

"మరి మాసిన బట్టల మీద తీస్కపోవాల్నానే? నలుగురు సూసే జాగ, ఇజ్జత్ ఉండొద్దా?"

"ఇజ్జత్ దొరికింది గదా. మందే దొరకలే."

దవాఖాన నుంచి వచ్చి చెప్పులిడువకముందే నా కోడలు పెట్టిన పంచాది ఇది. దాని గొంతు చిన్నదే. కానీ తగిలే కాడనే అంటది.

నా కొడుకు పటాన్‌చెరుల అట్టపెట్టెల కంపెనీల చేసేటోడు. పోయినేడు డ్యూటీ దిగి వస్తుంటే రుద్రారం కాడ బండి మీదినుంచి పడ్డడు. తలకు ఆపరేషన్ అయింది. కుట్లు మానినయి, కాళ్లు చేతులు ఆడినయి. సుట్టాలందరు నసీబు మంచిదని పండ్లిచ్చిపోయిన్రు. ఆ నసీబున్నోడు కూరల ఉప్పు తక్కువైతే పళ్లెం గోడకు కొడుతడు. జెరసేపటికి మూలకు కూసోని ఏడుస్తడు. ఎందుకురా అంటే తెల్వదంటడు. పింగాణి పళ్లాలు పగిలి ఒడిసినయని స్టీలువి దించిన, అవైతే సొట్టలే పడుతయి. మనుమరాలు మాత్రం నాయన ఇంట్ల ఉన్నంతసేపు పక్కింట్ల కూసోని చదువుకుంటది.

ఆపరేషన్ చేసిన డాక్టరు తల స్కానింగ్ ఫిలిం ఎత్తి సూసి, "మెదడు బాగానే ఉంది, మనసు డాక్టరుకు చూపించండి" అన్నడు. మనసు డాక్టరు కుట్ల మచ్చ సూసి, "ఇది తలదెబ్బ, ఆపరేషన్ చేసినవాళ్లనే అడగండి" అన్నడు. మా దిక్కు పొలం గట్టు జానెడు జరిగితే కట్టెలు లేస్తయి. నా కొడుకు తలను మాత్రం నాదంటే నాదని ఎవ్వరూ కొట్లాడలే.

బతిమాలంగ బతిమాలంగ మనసు డాక్టరు ఆ దినం సూస్తనన్నడు. కొడుకుకు గడ్డం గీయించిన, తలకు నూనె పెట్టిన, అంగి ఇస్త్రీ చేసి తొడిగిన. సారు ముంగట మర్యాదగ ఉండు బిడ్డా అని తొవ్వ పొడుగూత చెప్పిన. ఎన్నడు నా మాట విననోడు ఆ దినమే విన్నడు.

"నిద్ర పడుతోందా?"

"పడుతుంది సార్."

"కోపం వస్తోందా?"

"లేదు సార్."

"అబద్ధం సార్, నిన్ననే పళ్లెం ఇసిరిండు!" అని ఒర్రిన. డాక్టరు నన్ను పైనుంచి కిందిదాక సూసిండు. "అబ్బాయి బాగానే ఉన్నాడు. మీరే టెన్షన్ పడుతున్నారమ్మా" అని నాకు నిద్రగోలీలు రాసిండు. ఉత్తగిచ్చినయి గదా, పారేయలేక డబ్బాల పెట్టిన.

"రేపు మళ్ల పోదాం. నేను మాట్లాడుత" అన్నది కోడలు. "నువ్వొస్తే నోరు మూసుకోని రా."

"అత్తను పట్టుకోని అంత మాటనా?"

"అంతనే."

తెల్లారి నేను ఇస్త్రీ పెట్టె ముట్టలే. కరెంటన్న మిగిలిందనుకున్న. మాసిన గడ్డం, వంకర గుండీలతోనే వాడు మా ఎంట పోతిరెడ్డిపల్లి కాడ బస్సెక్కిండు. దవాఖాన లైన్ల ఎవడో మధ్యల జొర్రిండు. నా కొడుకు వాని మీద ఒర్రి, కుర్చీ నేలకేసి కొట్టిండు. ఆ కుర్చీ పక్కనే కూలబడి ఏడ్సిండు. సప్పుడిని మనసు డాక్టరే బయటికొచ్చిండు. నేను నోరు తెరవలే. కోడలు పళ్లాల సంగతి, ఏడుపు సంగతి, బిడ్డ పక్కింట్ల కూసునే సంగతి మొత్తం చెప్పింది.

"ఇన్నాళ్లు ఎందుకు తీసుకురాలేదమ్మా?"

"నిన్న తెచ్చినం సార్."

డాక్టరు వాని చెయ్యి పట్టుకోని లోపటికి తీస్కపోయి తలుపేసిండు.