తంతి రాని తుపాను

అరవైల మొదట్లో మా నెల్లూరు తీరంలో ఒక చిన్న రేవులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. గాలి ఒత్తిడి కొలిచే భారమితి చూసి రాసుకోవడం, మద్రాసు నుంచి తుపాను తంతి, అంటే టెలిగ్రాం, వస్తే కొయ్యకు హెచ్చరికగా నల్లబుట్ట ఎత్తడం నా పని. బుట్ట కనబడితే పల్లెవాళ్ళు చేపలవేటకు తెప్పలు దించరు.

ఒక ఏడు తంతి ఆలస్యంగా వచ్చింది. నేను బుట్ట ఎత్తేలోపే నాలుగు తెప్పలు వెళ్ళిపోయాయి. సాయంత్రానికి అందరూ తిరిగొచ్చారు. నేను మాత్రం ఆ రోజు భయంలోంచి తిరిగి రాలేదు. పూటకోసారి చూడాల్సిన భారమితిని పది నిమిషాలకోసారి చూసేవాణ్ణి. నా భారానికే మితి లేకపోయింది. ముద్ద దిగేది కాదు. సైకిలు బెల్లు వినబడితే తంతేనేమోనని అరచేతులు చెమట పట్టేవి. మా ఆవిడ అడిగితే పైత్యం అనేవాణ్ణి.

ఒక పొద్దున, ఎండ ఫెళఫెళ కాస్తుండగా, తంతి లేకుండానే బుట్ట ఎత్తేశాను. ఎత్తాకే గుండెదడ ఆగింది. రెండో రోజూ దించలేదు. పల్లె పెద్దాయన ఆఫీసుకొచ్చాడు.

"ఏంది సామీ, గాలి లేదు, మబ్బు లేదు, నీ బుట్టేమో దిగదు. తంతి చూపించు."

"వస్తుంది."

"రాకముందే ఎత్తినావా?"

కేకలేస్తాడనుకున్నాను. నా చేతులకేసి చూశాడు. వణుకుతున్నాయి.

"ఈ రెండు రోజులూ గంజితో సరిపెట్టుకున్యాంలే. రేపు నువ్వు నిజంగా ఎత్తిననాడు మావోళ్ళు నమ్మకపోతే?"

అప్పుడు తెలిసొచ్చింది. తెప్పలు మునుగుతాయన్న భయంతో వాటిని ముంచే పనే చేస్తున్నాను.

"బయటికి చెబితే పిచ్చివాడని ఉద్యోగం పీకేస్తారు పెద్దాయనా."

"నా తమ్ముడు సముద్రంలో పోయినాక నేనూ ఏడాది నీళ్ళల్లో కాలు పెట్టలా. నెల్లూర్లో డాక్టరమ్మకి చెప్పుకున్నా. నువ్వూ పోయి చెప్పుకో. ముందు బుట్ట దించు, నేనూ పట్టుకుంటా."

ఇద్దరం దించాం. మర్నాడు పని వాచ్‌మన్‌కి అప్పజెప్పి, మా ఆవిడతో బస్సెక్కాను. డాక్టరమ్మ ముందు మళ్ళీ పైత్యంతోనే మొదలుపెట్టాను.

"బుట్ట సంగతి చెప్పండి," అంది మా ఆవిడ.

"ఏం ఉద్యోగం మీది?" అడిగింది డాక్టరమ్మ.

"జనాన్ని ముందుగా భయపెట్టడం అండీ. ఇప్పుడు వాళ్ళ వాటా కూడా నేనే భయపడుతున్నాను."

నవ్విద్దామనే అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఎన్నాళ్ళనుంచి?" అంది. జవాబుకు బదులు ఏడుపొచ్చింది. అది తగ్గాక అంతా చెప్పాను.

సెలవు చీటీ రాస్తుంటే "కామెర్లని రాయండమ్మా" అని బతిమాలాను.

"కామెర్లయితే నెలకే పనిలోకి రమ్మంటారు. మీకంతలో తగ్గదు. ఉన్నదే రాస్తాను. మీ పైవాళ్ళకు పంపుతారా?"

పోస్టు డబ్బా దాకా మా ఆవిడ చెయ్యి పట్టుకునే నడిచాను. చీటీ ఉన్న కవరు డబ్బా మూతిలో పెట్టి కాసేపు వదల్లేకపోయాను. భయం ఏమాత్రం తగ్గలేదు. కానీ ఈలోగా నిజం తంతి వస్తే, ఆ కొయ్య దగ్గర, నావి కాకున్నా, వణకని చేతులుండాలి. వదిలేశాను.