పద్నాలుగు నిమిషాల రివ్యూ

జయదేవ్‌ది నల్లగొండ. ఇంటర్లో లెక్కల్లో రెండంటే రెండే మార్కులు పోగొట్టుకున్నవాడు. విమానాల నిండా విద్యార్థులు కెనడాలో దిగుతున్న రోజుల్లో, రెండు వేల ఇరవై మూడులో, అతనూ వచ్చి కిచెనర్‌లో ఒక కాలేజీలో చేరాడు. బేస్‌మెంట్‌లో మరో ఐదుగురితో కలిసి ఉండేవాడు. క్లాసులో నోరు విప్పితే పక్కవాళ్ళు "సారీ?" అని మళ్ళీ అడిగేవారు. రెండోసారి చెప్పడానికి మొహమాటపడి ఊరుకునేవాడు.

ఆన్‌లైన్‌లో వీడియో గేముల రివ్యూలు రాసే చోట మాత్రం అతని ఇంగ్లీషుని ఎవరూ మళ్ళీ చెప్పమనలేదు. చవగ్గా దొరికే చిన్న చిన్న గేములు కొనేవాడు, కాసేపు ఆడేవాడు, నాలుగు వాక్యాల్లో చీల్చి చెండాడేవాడు. వెటకారం ఎంత ఘాటుగా ఉంటే అంతమంది "ఫన్నీ" అని నొక్కేవారు. రోజంతా నోరు మూసుకుని తిరిగేవాడికి ఆ అంకె పెరుగుతుంటే కడుపు నిండినట్టుండేది.

ఆ చలికాలం "క్వయట్ సమ్స్" అనే ఆట దొరికింది. రెండు కాఫీల ఖరీదు కూడా లేదు. అంకెలున్న రాళ్ళను గడుల్లో పేర్చి, అడిగిన మొత్తం రాబట్టాలి. మొదటి పది లెవెల్సూ అతనికి మంచినీళ్ళ ప్రాయం. వివరణ వచ్చినప్పుడల్లా చదవకుండా దాటేశాడు. పదకొండో లెవెల్లో మూడు గడులు, మూడు రాళ్ళు: ఆరు, ఆరు, తొమ్మిది. రావలసింది ఇరవై నాలుగు. ఎలా కూడినా ఇరవై ఒకటే. లెక్క తెలిసినవాణ్ణి వెక్కిరించినట్టనిపించి ఒళ్ళు మండింది.

"దీన్ని తయారు చేసిన మనిషికి కూడికలు రావు. మూడో తరగతి పిల్లవాణ్ణి అడిగినా చెప్పేవాడు. పదకొండో లెవెల్‌కి జవాబే లేదు. డబ్బు వాపసు ఇస్తారు సరే, నా పద్నాలుగు నిమిషాలు ఎవరిస్తారు?" అని రాసి పడేశాడు.

వారం తిరక్కుండా నాలుగు వందల మందికి అది నచ్చింది. ఆట ముట్టుకోనివాళ్ళు కూడా వచ్చి తలా ఒక రాయి వేసి పోయారు.

కాలేజీ లేని రోజుల్లో జయదేవ్ పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో పనిచేసేవాడు. అక్కడ సూపర్‌వైజర్ ధాత్రి. అమలాపురంలో పదేళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. ఇక్కడ ఆ సర్టిఫికెట్లు చెల్లక ఈ పనిలో కుదురుకుంది. ఆమెదీ కిచెనరే కావడంతో, రెండు బస్సులు మారే ఈ కుర్రాణ్ణి తన కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో అన్నం డబ్బాలు విప్పుకుంటుండగా ఆమె అడిగింది.

"నువ్వు గేములు తెగ ఆడతావంట కదా? నేనొకటి చేశాను. చూస్తావా?"

ఫోన్ చూడగానే జయదేవ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవే రాళ్ళు.

"రెండేళ్ళు పట్టింది. బొమ్మలన్నీ మా అమ్మాయి రిషిత వేసింది. మొదట్లో బాగానే రాశారు జనం. తర్వాత ఒకాయన పదకొండోదానికి జవాబు లేదన్నాడు. నాకు చెమటలు పట్టేశాయి. ఆదివారమంతా కూర్చుని అరవై లెవెల్సూ మళ్ళీ చేసి చూసుకున్నాను."

"తప్పుందా అక్కా?" అడిగాడు.

"లేదు. రాయి తిప్పొచ్చు కదా! ఆరుని తలకిందులు చేస్తే తొమ్మిది. మూడో లెవెల్లోనే చెప్పాను. ఆయన చూసుకోలేదు పాపం."

ఆ "పాపం" అన్న మాటకి జయదేవ్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"మా రిషిత చదివి, 'అమ్మా, హీ ఈజ్ సో ఫన్నీ' అని పడీ పడీ నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది," అంటూ ధాత్రి పెరుగన్నం కలుపుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే రివ్యూ తీసేశాడు. ఇక ఎవరికీ తెలియదనుకున్నాడు. రెండు రోజుల తర్వాత, పనికి వెళ్తూ ఉండగా ధాత్రే ఆ మాట ఎత్తింది.

"ఆ రివ్యూ పోయింది తెలుసా?"

"మంచిదే కదక్కా."

"ఏం మంచిది? దాని కింద నేను జవాబు రాశాను, రాయి ఎలా తిప్పాలో. అది చూసి కొందరు మళ్ళీ ఆడారు కూడా. ఇప్పుడు అదీ పోయింది. జవాబు లేదన్న మాటొక్కటీ జనం నోట్లో ఉండిపోయింది. పొరపాటైందని ఒక్క ముక్క రాసుంటే ఆయన సొమ్మేం పోయేది?"

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. జయదేవ్ ఒళ్ళోని బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, "అక్కా, అది నేనే," అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. గ్రీన్ పడి, వెనకవాడు హారన్ కొట్టాక గానీ కదల్లేదు. పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి, "ఎవరో పెద్దాయన అనుకున్నాను. జవాబులో సర్ అని కూడా రాశాను," అంది. తలుపు తీస్తూ, "దిగు, టైమైంది," అంది.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆ వారమంతా మొహం చూపించలేక బస్సులోనే వెళ్ళాడు. ఖాళీ దొరికినప్పుడల్లా అరవై లెవెల్సూ వరసగా ఆడాడు. ముప్పై ఏడోది రెండు రోజులు ఏడిపించింది. అప్పుడు కొత్తగా రాశాడు: "ఆ పాత రివ్యూ రాసింది నేనే. వివరణ చదవకుండా దాటేసి, నా తప్పుని ఇంకొకరి మీద రుద్దాను. ఈ ఆట చేసినవాళ్ళకి లెక్కలు నాకంటే బాగా వచ్చు." పంతొమ్మిది మంది ఉపయోగపడిందన్నారు. ఒకడు మాత్రం "పాతదే బాగుంది" అని రాశాడు. ఆ నాలుగు వందల మందిలో మళ్ళీ ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తెలుసుకునే దారి లేదు.

సోమవారం బస్‌స్టాప్ దగ్గర ధాత్రి కారు ఆగింది. "ఎక్కు," అంది. చాలా దూరం వెళ్ళాక, "చదివాను," అని, "రెండో ఆట చేస్తున్నాను. బయటపెట్టకముందు నువ్వాడాలి. నీలాంటి తొందరగాడు ఎక్కడ ఆగిపోతాడో నాకు తెలియాలి," అంది.

ఏప్రిల్ దాకా ఆడాడు. ఆగిన ప్రతిచోటా రాసి ఇచ్చాడు. ఆట పూర్తయ్యాక, చివర్లో వచ్చే పేర్లలో అతని పేరూ వేస్తానంది ధాత్రి.

"నా పేరు వద్దక్కా."

"ఏం?"

ఆ పాత రివ్యూ గుర్తొచ్చి కిటికీ వైపు తిరిగాడు. "సరేలే," అంది ఆమె, రెండో మాట అడక్కుండా.

ఆట వచ్చిన రోజు అందరిలాగే డబ్బిచ్చి కొనుక్కున్నాడు. వారం తర్వాత ఆఖరి లెవెల్ దాటాక పేర్లు వచ్చాయి. ధాత్రి, రిషిత, అంతే. వద్దన్నది తనే. అయినా తెర నల్లబడేదాకా చూస్తూనే కూర్చున్నాడు.