శేషారత్నం ఆడిన కత్తిరాజు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులోకి కొత్త వీడియో గేము వస్తే, అది బాగుందో లేదో తేల్చాల్సింది శేషారత్నమే. యాభై దాటిన మనిషి, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, ముక్కు మీదికి జారే కళ్లజోడు, చేతిలో జాయ్‌స్టిక్. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. సెల్‌ఫోన్ల దెబ్బకి మొగుడి ఎస్టీడీ బూతు మూతపడింది. ఆయన పోయాక అదే గదిలో టీవీలు పెట్టి గేముల షాపు తెరిచింది. ఈ వయసులో ఈవిడకి ఆటలేంటమ్మా అని ముక్కున వేలేసుకున్నవాళ్ల పిల్లలే ఇప్పుడు ఆవిడ గుమ్మంలో పడిగాపులు పడుతుంటారు. కొత్త ఆట ముందు తనే ఆడుతుంది. ఆడి, గుమ్మం పక్క పలక మీద సుద్దముక్కతో ఒక్క మాట రాస్తుంది: 'ఆడొచ్చు', లేదంటే 'దండగ'. రాసిన మాట చెరిపిన పాపాన ఎన్నడూ పోలేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ అంటుంది.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు, కోచింగ్ సెంటర్లు మూత, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. సందంతా బోసిపోయింది. తెనాలి నుంచి తమ్ముడు సాంబమూర్తి రోజూ ఫోను.

"అక్కా, ఈ గొడవ ఎప్పటికి తేలేను? షాపు ఎవరికైనా అప్పజెప్పి దసరాకి వచ్చెయ్యి."

"కత్తిరాజు రెండో భాగం వస్తోందిరా. అది బాగుంటే ఇక్కడే ఉంటాను. బాగోలేదా, పెట్టె సర్దుకుంటాను. ఇంక అడక్కు."

మనిషి బతుకుని ఆట మీద పెట్టడమేంటని నవ్వకండి. షాపు బతికిందే ఆ ఆట మీద. దాని ఇంగ్లీషు పేరు ఎవరి నోరూ తిరగక కత్తిరాజు అయింది. కత్తి పట్టుకున్న ఒక రాజకుమారుడు రాక్షసుల్ని కొట్టుకుంటూ, బలం పెంచుకుంటూ, పోయిన రాజ్యం తెచ్చుకునే కథ. మొదటి భాగం ఆడిన కుర్రాళ్లందరూ రెండో భాగం కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. ఇంకో సంగతి. షాపుకి చేయించిన కొత్త బోర్డొకటి రెండేళ్లుగా దుప్పట్లో చుట్టి అటక మీదే ఉంది. రాష్ట్రం సంగతి తేలాక కడదాంలే అనుకుంది.

డిస్కు వచ్చింది. శేషారత్నం పొద్దున్నే ఇన్వర్టర్ పెట్టుకుని కూర్చుంది. కాసేపటికే మొహం విచ్చుకుంది. కత్తి విసిరితే ఈసారి బరువు తెలుస్తోంది. రాక్షసులు పోయినసారిలా బుద్ధిగా ఎదురొచ్చి తన్నులు తినడం లేదు, చాటు నుంచి వస్తున్నారు. ఊళ్లో జనం చిలకల్లా ఒకే మాట అప్పజెప్పడం లేదు, మనం చేసిన మంచీ చెడూ గుర్తుపెట్టుకుని పలకరిస్తున్నారు. శభాష్ అనుకుంది. అంతలో వంతెన వచ్చింది. వంతెన మీద మూడు తలల పాము. శేషారత్నం పాముని కొట్టింది, కత్తిరాజు చచ్చాడు. మళ్లీ కొట్టింది, మళ్లీ చచ్చాడు. మధ్యాహ్నమైనా పాము పడగ దించలేదు, శేషారత్నానికి ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి పలక మీద 'దండగ' అని రాసేసింది. పక్క షాపుల వాళ్లకి అది ఆట మీద తీర్పు. ఆవిడకి మాత్రం తెనాలి టిక్కెట్టు.

అప్పుడొచ్చింది పక్క జిరాక్స్ షాపు గీత. నల్గొండ పిల్ల, చేతిలో టిఫిను డబ్బా.

"ఎల్బీ నగర్ చౌరస్తాల వంటావార్పు చేసినం ఆంటీ. రోడ్డు మీదనే పొయ్యి పెట్టి అందరం కూసోని తిన్నం. నీకు బగారన్నం తెచ్చిన. ఏంది, గట్ల ముఖం మాడ్చుకున్నవ్?"

"ఆట చెత్తగా ఉందే. ఆ పాము చావదు. నేను తెనాలి పోతున్నాను."

గీత డబ్బా కింద పెట్టి జాయ్‌స్టిక్ అందుకుంది. తెర మీద కత్తిరాజు సంచి తెరిచి చూసి నోరు వెళ్లబెట్టింది.

"సంచి నిండ పాణం నింపే అమృతం సీసలున్నయ్ గదా! ఒక్కటన్న తాగలే?"

"అవసరానికి ఉంచాను."

"పాణం పోతుంటే ఇంకేం అవసరం రావాలె ఆంటీ?"

"ముందు ఇంతకన్నా పెద్ద రాక్షసుడొస్తేనో?"

"గీ వంతెన దాటితేనే గదా ముందటికి పోయేది! ఆడరాక మద్దెల ఓడన్నట్టు, ఆటకు పేర్లు పెడుతున్నవ్."

శేషారత్నానికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. మొదటి భాగం ఆఖరిదాకా ఆడినప్పుడూ సంచి నిండుగానే మిగిలింది. దాచుకున్నవాణ్ణి కూడా గెలిపించిన ఆట అది. ఇది అలా కాదు, ఉన్నది వాడుకోమంటోంది. ఆవిడ తల ఎత్తి అటక వైపు చూసింది. రెండేళ్లుగా ఆవిడకి భయమే. ఆ భయానికి జాగ్రత్త అని ముద్దు పేరు పెట్టుకుంది, అంతే.

"ఇలా ఇయ్యి" అని జాయ్‌స్టిక్ లాక్కుంది. కత్తిరాజుకి సీసా వెనక సీసా తాగించి పాము మీద పడింది. మూడో తల తెగి నీళ్లలో పడ్డప్పుడు గీత వేసిన ఈలకి సందులో కుక్క లేచింది. శేషారత్నం చీర కొంగుతో పలక తుడిచి, పెద్ద అక్షరాలతో 'ఆడొచ్చు' అని రాసింది.

సాయంత్రం సాంబమూర్తి ఫోను చేసేసరికి ఆవిడ స్టూలు మీద నిలబడి ఉంది. గీత కింద స్టూలు పట్టుకుంది.

"ఏమైందక్కా? ఆట ఎలా ఉంది?"

"ఆట భేషుగ్గా ఉందిరా. నాకే ఆడటం రాలేదు. కొత్త బోర్డు కడుతున్నాను. రాష్ట్రం ఏదైతే నాకేం, సందు ఇదే. దసరాకి నువ్వే రా" అని ఫోను పెట్టేసి, "అమ్మాయ్, ఎడం వైపు కాస్త వంగినట్టుంది, చూడు" అంది శేషారత్నం.