బానలో మా మేడం వంతు

మా ఇంట్లో కిరాయికున్న కెమిస్ట్రీ మేడం పోయిందన్న కబురు వచ్చేసరికి నేను నీలి బాన దగ్గర ఉన్నాను. వరంగల్ దవాఖాన నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. నా కోడలు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూసింది. మోచేతుల దాకా నీలం అంటిన చేతులతో అట్లాగే కూర్చుండిపోయాను.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. రాయడమే ఆమె పని, నా మాట సరిదిద్దడం కాదని ముందే చెప్పాను. మేడం మా ఇంటి మనిషి కాదని మావాళ్లు అన్నారు. అవునని నేనన్నాను. ఆ వాదన మీ ముందు పెడుతున్నాను.

తరిగొప్పులలో మాది నూలుకు నీలం అద్దే ఇల్లు. పెరట్లో మట్టి గద్దె మీద పెద్ద బాన ఉంటుంది. అందులో నీలిమందు, సున్నం, గింజలు ఉడికించిన నీళ్లు పోసి పులియబెడతాం. ఆ పులుపు చావకుండా బాన బతికి ఉంటేనే రంగు పడుతుంది. తెల్ల నూలు ముంచి తీస్తే ముందు ఆకుపచ్చగా వస్తుంది, గాలి తగిలాక మెల్లమెల్లగా నీలం తిరుగుతుంది. తిరిగేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. అది మా అత్త పెట్టిన పద్ధతి. ఇంకా రెండు పద్ధతులున్నాయి. కూతురు తన ఇంట్లో బాన పెట్టుకుంటే, పుట్టింటి బానలోంచి ఒక కుండెడు తీసుకుపోయి, పాలకు తోడు వేసినట్టు దాంతోనే మొదలుపెడుతుంది. ఇంటి మనిషి పోతే దినాల నాడు బాన పారబోస్తాం, తర్వాత బంధువుల బాన నుంచి తోడు తెచ్చి మళ్లీ మొదలుపెడతాం. కానీ మా బంధువర్గంలో ఇప్పుడు మిగిలిన బాన మాదొక్కటే.

మేడంది కాటారం దగ్గర, అడవి అంచున ఒక పల్లె. జనగామ కాలేజీలో చదువు చెప్పేది. కాలేజీ పక్కనే గది దొరికేది కదా, రోజూ బస్సెక్కి తిరిగే ఈ ఊరెందుకని అడిగాను. బాన కోసమే వచ్చానంది. మీ నీలంలో కరెంటు నడుస్తుందని చెప్పింది. ఆ మాట ఊళ్లో అంటే మా నూలు ఎవరూ కొనరని నోరు మూయించాను. అయినా నా మనసు ఊరుకోలేదు. ఆ వానాకాలం నూలు ఆరేసే దండేలన్నీ కరెంటు స్తంభానికి దూరంగా మార్చాను. తడి నూలు కట్టలు, అదే చిలపలు, పట్టుకునేటప్పుడు కోడలిని చెప్పులేసుకొమ్మన్నాను. సంగతి తెలిసి మేడం నవ్వీ నవ్వీ గోడ పట్టుకుని నిలబడింది.

నవ్వు ఆగాక కూర్చుని విడమరిచి చెప్పింది. వాళ్లమ్మ ఇండ్లు కట్టే చోట తట్టలు మోసేదట. కూలోళ్లు వరసగా నిలబడి, తట్టను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పై అంతస్తు దాకా అందిస్తారు కదా, నీలంలోనూ అంతేనంది. నీలం రేణువులు, కంటికి కనబడనంత చిన్నవి, వరసలు కట్టి నిలబడతాయట. ఒకదాని అంచున ఉన్న హైడ్రోజన్ పక్కదానిలోని ఆక్సిజన్ వైపు మొగ్గి పట్టుకుంటుందట. ఆ పట్టు వల్ల వరస చెదరదు. వరస చెదరకపోతే ఒకదాని మీద ఒకటి దొంతిగా ఉన్న రేణువుల మీదుగా కరెంటు తట్టలాగా అందుకుంటూ పోతుంది.

"గట్టిగ పట్టుకుంటయా?" అని అడిగాను.

"లేదవ్వా, ఒక్కొక్క పట్టు మస్తు అల్కగుంటది. తప్పు జాగల కూసున్నది విడిచిపెట్టి మళ్ల సక్కగ కూసోవాలె గదా. అన్ని కలిస్తెనే బలం."

అప్పుడు నాకు ఆమె అలవాటు ఒకటి అర్థమైంది. నూలు చిలప కట్టినా, కూరగాయల సంచి కట్టినా మేడం ఎప్పుడూ గట్టి ముడి వేసేది కాదు. లాగితే విడిపోయే ముడే వేసేది. చేతకాని ముడి అని నేను ఎన్నిసార్లు తిట్టానో.

ఒక వేసవి సెలవుల్లో నన్ను హైదరాబాదులో తాను పని చేసుకునే ల్యాబ్‌కు తీసుకుపోయింది. మా బానలో తయారైన నీలాన్నే శుభ్రం చేసి ఒక గాజు గొట్టంలో పెట్టింది. లోపలి గాలి అంతా లాగేసి కింద వేడి పెట్టింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి గొట్టంలో ఊదా రంగు పొగ లేచింది. నీలం ముద్దగా ఉండటం చూశాను, నీళ్లలో కలవడం చూశాను, బట్టకు పట్టడం చూశాను. పొగగా లేవడం ఏనాడూ చూడలేదు. ఆ పొగ చల్లగా ఉన్న చివరకు పోయి, గాజు మీద సన్నటి సూదుల్లాగా కూర్చుంది. దాని మీద రాగి మెరుపు. పొద్దున్నే బాన మూత తీస్తే నురగ మీద కనబడే మెరుపే అది.

"గంత సక్కగ ఎవరు పేర్చిన్రు బిడ్డా?"

"ఎవరు పేర్చలే అవ్వా. అవే ఒకదాన్నొకటి సూసుకొని కూసున్నయి."

తర్వాత పల్చటి నీలం పొర వేసిన ఒక బిళ్ల చూపించింది. గోరంత కూడా లేదు. పొర కింద రెండు బంగారు గీతలున్నాయి. తీగలు ఆనించి మీట నొక్కగానే తెర మీద గీత ఒకటి లేచింది. ఈ బంగారం నుంచి ఆ బంగారానికి మన నీలం మీదుగానే పోతోందంది. నేను తెర వైపు చూడలేదు, నా గోళ్ల వైపు చూసుకున్నాను. పెళ్లయి వచ్చిన నాటి నుంచి వాటిలో ఇంకిన నీలం. పెళ్లిళ్లకు పోయినప్పుడల్లా కొంగు కింద దాచుకున్న చేతులవి. ఆ రోజు బస్సులో ఇంటిదాకా వాటిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఆమెకు జబ్బు చేయకముందు, ఒకనాడు బాన కలుపుతూ మా పారబోసే పద్ధతి గురించి చెప్పాను.

"అయితే నేను పోతె పారబోస్తవా అవ్వా?" అంది నవ్వుతూ.

"గందుకు నువ్వు నా కడుపుల పుట్టాలె," అన్నాను.

"నీలంల పక్కది కడుపుల పుట్టిందా అవ్వా? పక్కన నిలబడ్డది, అందుకున్నది. గంతే."

ఆ మాట ఎందుకు దాచుకున్నానో అప్పుడు తెలియదు. మేడం దినాలు దగ్గర పడ్డాక తెలిసింది. బాన పారబోస్తానని నేను అనగానే మహబూబాబాద్ నుంచి నా మరిది వచ్చాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఆ బాన పక్కనే ఆడుకున్నాడు, దాన్ని చంపుకోవద్దన్నది అతని బాధ. మేడం వేరే ఊరు, వేరే దేవుడు, కిరాయికున్న మనిషి అన్నాడు. మన ఇంటి మనిషి కాదు కాబట్టి బాన అట్లాగే ఉంచుదామన్నాడు. నా కోడలు కూడా మెల్లగా అతని వైపే చేరింది. బాన బతకాలంటే మేడం పరాయిది కావాలి. మేడం మాదంటే బాన పోవాలి. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు నేను.

మూడో రోజు లేచి మరిదిని పిలిచి, మేడం మాటే అతనికి చెప్పాను. పక్కన నిలబడి అందుకున్నదే వరసలో మనిషి అన్నాను. "నేను దినాల నాడు పారబోసుడు పారబోసుడే. గని ఇంటి బిడ్డకు బానల వంతు ఉన్నదా లేదా? దాని కుండెడు దాని ఇంటికి పోవాలె."

"పెండ్లే చేసుకోకపాయె వదినా, దాని ఇల్లేది?"

"కాలేజీల దాని గదే దాని ఇల్లు."

జనగామ కాలేజీలో ఆమె గది పై అంతస్తులో ఉంది. దినాల పొద్దున కొత్త కుండలో బాన నీళ్లు నింపి, మూతికి బట్టతో వాసెన కట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోయాను. కుండ మీద వేసింది లాగితే విడిపోయే ముడి. మెట్ల దగ్గర ఆమె దగ్గర చదువుకునే పిల్లలున్నారు. మోకాళ్ల నొప్పులతో నేను మెట్లెక్కలేను. వాళ్లే కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా వరసగా నిలబడ్డారు. కుండ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతూ ఉంటే నేను కింద నిలబడి చూశాను. ఒక్క చుక్క కూడా తొణకలేదు. పైన ఆ గదిలో, దాని కోసమే కాటారం నుంచి వచ్చిన ఆమె తల్లి కుండ అందుకుంది. ఎన్నో తట్టలు అందుకున్న చేతులవి.

పొద్దు వాలేలోపు ఇంటికి వచ్చాను. బాన ఒరగదీయడానికి ఇద్దరు కావాలి. ఒక పక్క నేను పట్టుకున్నాను. మరిది కాసేపు గుమ్మంలోనే నిలబడి, తర్వాత చెప్పులు విడిచి వచ్చి రెండో పక్క పట్టాడు. పెరటి మట్టి మీద ఆకుపచ్చగా పారాయి నీళ్లు. దండెం గుంజల దాకా పోయి ఆగాయి. అంచుల నుంచి నీలం తిరగడం మొదలైంది. పూర్తిగా తిరిగేదాకా మాలో ఎవరూ నోరు మెదపలేదు.