రంపం డాక్టరు, మూడు కన్నాలు

రంపం డాక్టరు ఒకసారి జలుబు చేసిన మనిషి ఛాతీని రంపంతో తెరిచి, తుమ్ము ఎక్కడి నుంచి బయల్దేరుతోందో కనిపెట్టాడు. సరే, అలా చూడకండి. తెరవలేదు, తెరుద్దామన్నాడు, అంతే. జలుబు కూడా కాదు, దగ్గు. ఆ మాట వినగానే రోగికి దగ్గు నయమైపోయిందన్నది మాత్రం అక్షరాలా నిజం.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. దేన్నైనా బార్లా తెరిచి చూస్తే తప్ప నమ్మడు. సొరుగులో గుండీ కావాలంటే సొరుగంతా మంచం మీద కుమ్మరిస్తాడు. ఉత్తరం వస్తే కవరుని మూడు వైపులా కోస్తాడు. రెండు నిమిషాలు వెనకబడిన గోడగడియారాన్ని విప్పి ఆరేళ్లయింది. అది ఇప్పటికీ పళ్లెంలోనే ఉంది. "నాకు కడుపునొప్పి వచ్చినా ఈయనకి మాత్రం చెప్పను," అంటుంది వాళ్లావిడ.

ముప్ఫై ఏళ్లుగా ఆపరేషన్లలో ఆయనకి కత్తులందిస్తున్న పెద్ద సిస్టర్‌కి ఇవన్నీ కంఠతా వచ్చు. ఆవిడ తలనొప్పల్లా ఇంకొకటి. ఆయన దగ్గరే పని నేర్చుకున్న శిష్యురాలు అదే ఆసుపత్రిలో ఎముక కోయడం మానేసి, పక్కటెముకల సందుల్లో మూడు చిల్లులు పెట్టి, కెమెరా దూర్చి, తెర మీద చూస్తూ పని కానిచ్చేస్తోంది. గురువుగారు ఆ విద్యకి పెట్టిన పేరు 'కన్నం వేయడం'.

"ఏమ్మా, ఇవాళ ఎవరింటికి కన్నం?" అంటాడు వరండాలో ఎదురైతే.

"మీరు ఎవరి ఇల్లు కూలగొడుతున్నారు సార్?" అంటుందామె.

ఈ ఇద్దరి మధ్యకి రొట్టెల దుకాణం ఆవిడ వచ్చి పడింది. సాయంత్రమయ్యేసరికి ఆవిడ ఎడమ రెప్ప వాలిపోయేది. కన్ను కొడుతోందనుకుని ముగ్గురు పెద్దమనుషులు రోజుకు రెండుసార్లు రొట్టెలు కొనడం మొదలుపెట్టారు. తర్వాత చేతుల్లోనూ సత్తువ పోయి, పిండి పిసకలేక కూలబడింది. తప్పంతా గుండె ముందు నక్కి కూర్చునే థైమస్ గ్రంథిది. చిన్నప్పుడు కొలువు చేసి, పెద్దయ్యాక రిటైరైన ఉద్యోగిలా మూల కూర్చోవలసింది కాస్తా, లేనిపోని పెత్తనానికి పోయి, ఒంట్లోని సైన్యాన్ని సొంత కండరాల మీదికే తోలింది. మందులతో కాస్త తేరుకున్నాక, దాన్ని తీసేయాలని తేల్చారు.

"రొమ్ము ఎముక నిలువునా కోస్తాను. గ్రంథి మొత్తం కళ్లెదుట ఉంటుంది. పిసరంత కూడా మిగలదు," అన్నాడు రంపం డాక్టరు, పెళ్లి భోజనం వర్ణిస్తున్నట్టు.

"మళ్లీ పిండి ఎప్పుడు కలపొచ్చండీ?"

"ఎముక అతుక్కోవాలిగా. మూడు నెలలు బరువు ముట్టకూడదు."

"మూడు నెలలా! అన్నాళ్లు మూసేస్తే జనం నన్ను మరిచిపోతారు. ఎదురుగా ఇంకొకడు పొయ్యి రాజేసుకుని కూర్చున్నాడు. మరి చిల్లులైతే?"

"అన్నీ సవ్యంగా జరిగితే మూడు నాలుగు వారాలు," అంది శిష్యురాలు. "లోపల రక్తం ఎక్కువగా పోతే మాత్రం అప్పటికప్పుడు ఎముక తెరవక తప్పదు."

"తెరుస్తారు, తెరుస్తారు," అన్నాడు రంపం డాక్టరు చేతులు రుద్దుకుంటూ.

"అయితే నువ్వే కన్నం వేయమ్మా," అంది రొట్టెల ఆవిడ.

ఆయన తలుపు రెండు రెక్కలూ బార్లా తీసుకుని బయటికి నడిచాడు. ఒక్క రెక్కలోంచి వెళ్లడం ఆయన ఇంటావంటా లేదు.

ఆపరేషన్ రోజున శిష్యురాలి సిస్టర్ సెలవు పెట్టడంతో పెద్ద సిస్టర్ వెళ్లింది. చూస్తే, మూలన రంపం డాక్టరు. గౌను, గ్లవ్స్ వేసుకుని, చేతులు ఛాతీ మీద మడిచి, పక్కన గుడ్డ కప్పిన ట్రేతో! 'వేళాకోళానికి ఇంత ముస్తాబా!' అని ముక్కున వేలేసుకోబోయి, చేతికి గ్లవ్స్ ఉన్నాయని ఊరుకుంది.

రెండు గంటలు ఆయన గొణుగుతూనే ఉన్నాడు. తర్వాత శిష్యురాలి చెయ్యి ఆగిపోయింది. గ్రంథి ఒక పెద్ద రక్తనాళానికి అంటుకుని ఉంది. అందరూ మూల వైపు చూశారు. ఇక 'రంపం!' అని కేక పెడతాడని సిస్టర్ చెయ్యి ట్రే మీదికి పోయింది కూడా.

"తొందరేం లేదమ్మా," అన్నాడాయన, ఎన్నడూ లేనంత మెల్లగా. "కెమెరా కాస్త ఎడమకి తిప్పించు. కింది వైపు నుంచి విడదీసుకుంటూ రా. నేనున్నాగా."

అరగంటలో గ్రంథి చిన్న సంచిలో బయటికొచ్చింది. ఆయన గ్లవ్స్ విప్పుకుంటూ వెళ్లిపోయాడు.

"ఈయనకి కెమెరా సంగతులు ఎలా తెలుసు?" అంది సిస్టర్.

"ఇది నా నలభై ఒకటో కేసు సిస్టర్. మొదటి దాని నుంచీ ఆ మూల ఆయనదే. తెరవాల్సి వస్తే ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని నిలబడతారు. ఆయన లేకపోతే నాకు మొదటి చిల్లు పెట్టే ధైర్యమే వచ్చేది కాదు."

ఇరవై నాలుగో రోజున రొట్టెల ఆవిడ మోచేతుల దాకా పిండితో ఆసుపత్రిలో ఊడిపడింది. సిస్టర్ అప్పటికే ఆవిడకి అంతా చెప్పేసింది.

"సార్, నా కోసం రెండున్నర గంటలు నిలబడ్డారట!"

"ఎవరన్నారు? మా గదిలో ఏసీ చెడిపోయింది. చల్లగా ఉంటుందని వెళ్లాను."

"మరి చేతులకి గ్లవ్స్ ఎందుకో?" అంది సిస్టర్.

"చలేసింది."

"కెమెరా ఎడమకి తిప్పించమన్నదో?"

"చూడమ్మా," అన్నాడు రంపం డాక్టరు రొట్టెల ఆవిడతో, "ఈవిడ మాటలు నమ్మకు. నేనసలు ఆ రోజు ఆసుపత్రికే రాలేదు."