పెదవులకు సరిపడే మాట

డబ్బింగ్ రచయిత్రికి ఇంగ్లీషు జాతీయాల అర్థాలు తెలియక కాదు, తంటా అంతా తెలిశాకే. సంచిలోంచి పిల్లి బయటపడిందంటే గుట్టు రట్టయిందని, పాదాలు చల్లబడ్డాయంటే ఆఖరి క్షణంలో గుండె జారిందని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ తెర మీది మనిషి పెదవులు ఎక్కడ మూసుకుంటే తెలుగు మాటలోనూ అక్కడే మూసుకోవాలి. పదిహేనేళ్ళుగా ప, ఫ, బ, భ, మ అక్షరాల మీదే ఆమె బతుకు.

మాతృభాష మాధుర్యం గురించి సభల్లో కళ్ళొత్తుకునేవాళ్ళెవరూ ఆమెకు ఒక్క వాక్యం అరువివ్వలేదు. సామెతల పుస్తకాలు కొంది. అందులోవన్నీ ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టిన బట్టలు. అసలు సరుకంతా అత్తగారి దగ్గరుంది. ముప్పయ్యేళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. నోరూ అదే వేగంతో నడిచేది. కోడలు వంటింట్లో కాగితం పెట్టుకుని ఆవిడ విసుర్లన్నీ ఏరుకునేది.

మూడు వారాల కిందట అదీ ఆగింది. అత్తగారిని తను మాటలు రాసిన సినిమాకి తీసుకెళ్తే, ఆవిడ కొడుకుని తిట్టే తిట్టొకటి ఓడదొంగ నోట వినబడింది. ఆ దొంగ మరుక్షణమే సముద్రంలో మునిగాడు. హాలంతా నవ్వింది. ఆవిడ ఇంటికొచ్చి నోటికి తాళం వేసింది. అప్పటినుంచి ఉప్పు కావాలన్నా చేత్తో చూపడమే. కొడుకు మొదటి వారం పండగ చేసుకున్నాడు. రెండో వారం జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టి చూశాడు.

ఇప్పుడు కొత్త సినిమాలో ఆఖరి రీలు. ముసలి రాణి మనవడితో, అమ్మమ్మకి గుడ్డు పీల్చడం నేర్పకు, అంటుంది. ఆరితేరినవాళ్ళకి పాఠాలు చెప్పొద్దని అర్థం. తాతకు దగ్గులు నేర్పడం మనకి ఉండనే ఉంది. కానీ రాణి మొదటి అక్షరానికే పెదవులు బిగిస్తుంది, మొత్తం అయిదుసార్లు. తాతేమో నోరు తెరుచుకునే దగ్గుతాడు. నాలుగింటికి రికార్డింగు. ఈలోగా వాక్యం రాకపోతే తర్వాతి సినిమా వేరొకరికని డబ్బింగ్ దర్శకుడు మర్యాదగానే చెప్పాడు.

మూడున్నరకి రచయిత్రికి పిచ్చి ధైర్యం వచ్చింది. అత్తగారు కిటికీ దగ్గర కొడుకు చొక్కాకి గుండీ కుడుతోంది. కోడలు వెళ్ళి పక్కన చతికిలబడింది.

“అత్తయ్యా, సూది అలా కాదండీ పట్టుకునేది. ముందు దారానికి ముడెయ్యాలి.”

సూది ఆగింది.

“గుండీకి నాలుగు కన్నాలుంటాయి, చూశారా?”

అత్తగారి మెడ మీద నరం లేచింది. అది చాలదని కోడలు చొక్కా తనవైపు లాక్కుంది.

“మా పెళ్ళికి మమ్మల్నే పిలుస్తావటే?” అంది అత్తగారు.

ఆ తర్వాత మూడు వారాల మాటలకి ఒక్కసారిగా గట్టు తెగింది. ఓడదొంగ సంగతీ వచ్చింది. కోపం తన తిట్టు వాడుకున్నందుకు కాదట, అంత మంచి తిట్టుని ఈత రానివాడికి ఇచ్చినందుకట.

కోడలు నవ్వు ఆపుకుంటూనే దర్శకుడికి ఫోను చేసి, చివరి ‘టే’ని ‘ట్రా’ చేసి వాక్యం అప్పజెప్పింది. అవతల రాణికి గొంతిచ్చే ఆర్టిస్టు తెర చూస్తూ రెండుసార్లు చదివింది. రాణి పెదవులు అయిదుచోట్లా బుద్ధిగా మూసుకున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. దర్శకుడు తర్వాతి సినిమా తేదీలు చెప్పబోయి మధ్యలో ఆగాడు.

“ఆ వెనక మాట్లాడేదెవరమ్మా? ఫోను కాస్త ఆవిడ దగ్గరగా పెట్టండి.”

కోడలు పెట్టింది. అత్తగారు ఫోను వైపు ఒకసారి చూసి, సూది చొక్కాకి గుచ్చి, గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచీ అందుకుంది.