నిలబడి వచ్చిన తహసీల్దారు

నా చిన్నప్పుడు మా ఊరికి ఏ అధికారి వచ్చినా మా కారులోనే వచ్చేవాడు. మాచవరం దగ్గరున్న మా ఊరికి రావాలంటే పిడుగురాళ్ళలో బస్సు మారాలి. అక్కడ ఆయనను మా కారు ఎక్కించుకుని వచ్చి, మా ఇంట్లో భోజనం పెట్టి పంపేవాళ్ళం. మేము దాన్ని మర్యాద అనుకునేవాళ్ళం. ఊరు మాత్రం అధికారి ఎవరి బండి దిగాడో చూసి, తీర్పు ఏమిటో ముందే చెప్పేసేది.

నాకు పదేళ్ళప్పుడు, మా పొలం వెనక చేను రైతు మా తాతయ్య మీద అర్జీ పెట్టాడు. తన చేనికి పోయే డొంకను మేము దున్ని కలుపుకుని కంచె వేశామన్నాడు. ఆ దారి లేకపోతే అతని బండి చేలోకి పోదు. పండిన మిరపకాయంతా గట్ల మీదుగా తలకెత్తుకుని మోయాలి. మాకు అది బండి పట్టేంత నేల మాత్రమే. కానీ అప్పటికే మా భూములు ఒక్కొక్కటిగా చేయి దాటిపోతున్నాయి. ఒక అర్జీకి లొంగి కంచె తీస్తే ఊళ్ళో తలెత్తుకోలేమని తాతయ్య పట్టు.

కొలతలకు తహసీల్దారు వచ్చే రోజున, కారుతో పాటు నన్నూ పంపారు. పిల్ల పిలిస్తే కాదనలేడని తాతయ్య లెక్క.

పిడుగురాళ్ళ బస్టాండులో సున్నపు దుమ్ము మధ్య, చంకలో నక్షాల చుట్టతో ఒక నడివయసు మనిషి దిగాడు. నాకు ఇంట్లో నేర్పినట్టే ఆయన్ని కారులోకి పిలిచాను. ఆయన వంగి, "మీ పొలం పనికే వస్తున్నానమ్మా. మీ కారు ఎక్కకూడదు" అని, మా ఊరి బస్సు వైపు నడిచాడు.

అదే బస్సులో అర్జీ పెట్టిన రైతు కూర్చుని ఉన్నాడు. మా కారు డ్రైవరు ముఖం పాలిపోయింది. "చిన్నమ్మాయి గారూ, మీరూ ఎక్కండి. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో చూడండి. అయ్యగారు అడుగుతారు" అన్నాడు.

కండక్టరు నన్ను ఇంజను పక్కన, వెనక్కి చూసేలా కూర్చోబెట్టాడు. బస్సంతా నాకు కనిపిస్తోంది. రైతు లేచి, "కూర్చోండి సారూ, నేను నిలబడతా" అన్నాడు.

"వద్దయ్యా. నీ అర్జీ మీదే వస్తున్నా. నీ సీటు నాకొద్దు."

"ఏంది సారూ, కారొద్దు, సీటొద్దు! టాపెక్కుతారా ఏంది?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు కానీ కూర్చోలేదు. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నక్షాలు పట్టుకుని, ప్రతి మలుపులోనూ తూలుతూ మా ఊరి దాకా నిలబడే ఉన్నాడు. రైతుతో మరో మాట మాట్లాడలేదు.

పొలంలో గొలుసు పట్టి కొలిపించారు. డొంక మా కంచె లోపలే తేలింది. తాతయ్య ముఖం ఎర్రబడింది. "ఈ కొలత నేనొప్పుకోను. మా కారు కాదని అవతలివాడితో కలిసి బస్సులో వచ్చాడీయన. దారంతా మంతనాలే అయ్యుంటయ్. మా పిల్ల కళ్ళారా చూసింది. చెప్పవే తల్లీ, ఎవరి పక్కన కూర్చున్నాడు?"

అందరూ నా వైపు తిరిగారు. "పెద్దోరి పిల్ల, ఏం చెప్పుద్దో తెలవదా ఏంది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తహసీల్దారు తన తరఫున ఒక్క మాట కూడా చెప్పుకోలేదు, నన్ను చూడనూ లేదు, నక్షా చుట్టుకుంటూ ఉండిపోయాడు. "అతని పక్కనే" అని నేనంటే చాలు, ఆ కొలత అక్కడే ఆగిపోతుందని నాకు తెలుసు. తాతయ్య నా మీద పెట్టుకున్న ఆశా తెలుసు. గొంతు ఎండిపోయింది.

"కూర్చోలేదు తాతయ్యా. సీటిస్తే వద్దన్నారు. దారంతా నిలబడే వచ్చారు."

తాతయ్య చాలాసేపు నన్నే చూశారు. ఇక చెయ్యెత్తుతారనుకున్నాను. ఆయన జనం వైపు తిరిగి, "మా ఇంటి పిల్ల అబద్ధమాడదు. కంచె తీసెయ్యండిరా" అన్నారు. మాకు మిగిలిన గౌరవం నేలలో ఉందా, నా నోట్లో ఉందా అని ఆ కాసేపట్లో ఆయన తేల్చుకున్నారని నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆ తరువాత కారు పోయింది, పొలమూ పోయింది. ఇప్పుడు అధికారులు బస్సెక్కితే ఫోటోలు తీసి ఫోన్లలో పంచుకుంటున్నారు. ఆ రోజు ఆ మనిషి పడ్డ శ్రమకు ఫోటో లేదు, చూసినవాళ్ళలో చెప్పేందుకు ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. బంధువుల తగాదాల్లో ఎవరైనా నన్ను సాక్ష్యం చెప్పమంటే ఈ వయసులోనూ నా గొంతు అలాగే ఎండిపోతుంది. అయినా చూసిందే చెబుతాను. మా తాతయ్య నన్ను గురించి నలుగురిలో ఒక మాట అన్నారు. దాన్ని అబద్ధం చేసే హక్కు నాకు లేదు.